తడిపిన కాలువ

మంజులత సినిమాలు కోసి అతికే మనిషి. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద, బండరాయిని సగం తొలిచి కట్టిన మేడలో కింది అంతస్తు గది ఆమె ఎడిటింగ్ గది. ఏ హీరో ఎంత ఎత్తుకు ఎగరాలో, ఎక్కడ దిగాలో అక్కడే తేలుతుంది. దర్శకులు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడి సలహాలిస్తారు. ఆమె విన్నట్టే తల ఊపి తనకు తోచింది చేస్తుంది. మొండిఘటం అని పేరు పడింది. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే.

ఆ రోజు పొద్దున ఆ మొండిఘటం ఒకే దృశ్యాన్ని వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తోంది. అందులో హీరో లేడు, హీరోయిన్ లేదు. ఎండిపోయిన కాలువ ఒకటి ఉంది.

అది ఆమె సొంత ఊరు మల్లెదొడ్డి కాలువ. నది మీద ఆనకట్ట పొరుగు రాష్ట్రంలో ఉంది. కాలువ అక్కడ పుట్టి, ముందు వాళ్ళ పొలాలు తడిపి, తర్వాత సరిహద్దు దాటి ఇటు వస్తుంది. ఎవరికెంత అన్నది పెద్దవాళ్ళు ఎప్పుడో కాగితం మీద రాసుకున్నారు. కాగితం మీద నీళ్ళు ఏటేటా పారుతూనే ఉన్నాయి. చిట్టచివర ఉన్న మల్లెదొడ్డికి మాత్రం రావు. పైవాళ్ళు వదలడం లేదని ఇటువాళ్ళు అంటారు, మేం వదిలాం మీకు చేరింది అని పైవాళ్ళు అంటారు. మధ్య ఊళ్ళలో మనవాళ్ళే తూములు పగలగొట్టి తోడుకునే సంగతి ఇద్దరూ ఎత్తరు.

ఇన్నాళ్ళకు ఆ తగువు తేల్చడానికి రెండు రాష్ట్రాల ఇంజనీర్లతో ఒక సంఘం వేశారు. ఢిల్లీ నుంచి ఒక పెద్దాయన అధ్యక్షుడు. గురువారం నాడు జూబ్లీహిల్స్‌లోని ఒక అతిథి గృహంలో కూర్చుంటున్నారు. చివరి ఊళ్ళకు నీళ్ళు అందడం లేదని నమ్మితే, సరిహద్దు దగ్గర కాలువ తలుపులు రెండు రాష్ట్రాల కళ్ళ ముందు ఎత్తిస్తారు, మల్లెదొడ్డి వాటా మల్లెదొడ్డికి పంపిస్తారు. నీళ్ళు అందుతున్నాయని తేల్చేస్తే ఫిర్యాదు మూసేస్తారు. ఒకసారి మూసేశాక మళ్ళీ తెరిపించడం ఎవరి తరమూ కాదు.

అందుకే ఈ చిన్న సినిమా. ఆలోచన క్రాంతికుమార్‌ది. మల్లెదొడ్డి నుంచి మాధాపూర్ అద్దాల మేడల్లోకి వెళ్ళిన మొదటి కుర్రాడు. కాలువ వెంట ఊళ్ళ సాఫ్ట్‌వేరు పిల్లలందరినీ పోగుచేసి, "ఉపన్యాసాలు ఎవ్వరు వినరక్కా, తెర మీద చూపెడదాం" అన్నాడు. మంజులత తనకు బాగా తెలిసిన కెమెరామన్ వరప్రసాద్‌ను అడిగింది. పెద్ద పెద్ద బ్యానర్లకు పనిచేసే మనిషి, పైసా అడగకుండా చిన్న డిజిటల్ కెమెరా, తన యూనిట్ తీసుకుని మల్లెదొడ్డి వెళ్ళి తీసుకొచ్చాడు. మంజులత కోసి అతికింది. ఎదుటి పక్షానికి ముందుగా చూపాలన్న నియమం ప్రకారం డిస్కులు సంఘానికీ, పొరుగు రాష్ట్రానికీ పోయిన వారమే అందాయి. ఇప్పుడు మిగిలింది పెద్ద తెర మీద వేయడానికి ఇంకో ప్రతి సిద్ధం చేయడమే.

ఆ పనిలోనే ఆమె చెయ్యి ఆగిపోయింది. కాలువ అడుగు నల్లగా ఉంది. అచ్చం బెల్లం పాకంలా నిగనిగలాడుతోంది. పగుళ్ళు లోతుగా, అందంగా, ఫొటో కట్టించి గోడకు తగిలించుకోవాలనిపించేలా ఉన్నాయి. ఎండాకాలం మధ్యలో, ఎన్నో నెలలుగా చుక్క పారని కాలువలో ఆ తడి ఎక్కడిది?

ప్రశ్న పూర్తి కాకముందే జవాబు తెలిసిపోయింది. సినిమావాళ్ళు తడపకుండా నేలను తీయరు. దుమ్ము లేవకూడదని ఒకటి, రంగు చిక్కగా పడాలని ఒకటి, ట్యాంకర్ తెచ్చి వీధికి వీధి కడిగేస్తారు. మన సినిమాల్లో ఏ రోడ్డు చూసినా అప్పుడే వాన వెలిసినట్టు ఉండేది అందుకే. ఇన్నేళ్ళుగా అలాంటి రోడ్లే కోస్తూ వచ్చిన కన్ను, తన ఊరి కాలువ తడిగా ఉంటే కూడా గుర్తుపట్టలేదు. ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

వెనక సోఫాలో చిన్నాయన వెంకటనర్సయ్య కూర్చుని టీ తాగుతున్నాడు. నాన్నకు తమ్ముడు, కాలువ చివరి రైతుల సంఘానికి పెద్ద. ఇంజనీర్ల సంఘం ముందు మాట్లాడటానికి ఆ పొద్దునే బస్సు దిగాడు. మంజులత కుర్చీ తిప్పింది. స్టూడియోలో అందరితో అండీ అండీ అంటూ మాట్లాడే మనిషికి చిన్నాయన ఎదురుగా ఉంటే ఊరి మాటే వస్తుంది.

"చిన్నాయనా, షూటింగు నాడు కాలువల నీళ్ళు కొట్టిండ్రా?"

"కొట్టిండ్రు. ట్యాంకర్ తోని. ఎందుకు సార్ అంటే, తెర మీద మంచిగ కనవడ్తది అన్నరు."

"ట్యాంకర్ ఏడికెల్లి తెచ్చిండ్రు?"

వెంకటనర్సయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఏడికెల్లి తెస్తరు బిడ్డా, మన ఊరిదే. మంచినీళ్ళ ట్యాంకర్. గప్పుడే వచ్చి నిలవడ్డది. సినిమావాళ్ళు అడిగిండ్రు, ఇచ్చినం."

మల్లెదొడ్డిలో బోర్లు ఎండిపోయి రెండేళ్ళయింది. ట్యాంకర్ వచ్చిన రోజే బిందెలు నిండుతాయి. మంజులత లేచి బీరువాలోంచి అసలు టేపు తీసింది. ఎడిటింగ్ గదిలో 'యాక్షన్' అన్న కేక తర్వాతే సినిమా మొదలవుతుంది. అంతకుముందు ఉన్నదాన్ని ఎవరూ చూడరు. ఆమె కూడా చూడలేదు. ఇప్పుడు టేపును మొదటికంటా తిప్పింది.

కెమెరాను స్టాండు మీద పెట్టి, వెలుతురు చూసుకోవడానికి ఆపకుండా వదిలేసినట్టున్నారు. గట్టు మీద ట్యాంకర్, దాని వెనక బిందెలతో వరసగా ఆడవాళ్ళు. యూనిట్ మనిషి ఎవరో వచ్చి ఏదో అడిగాడు. ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వరసలో ముందు ఉన్నది నీలమ్మ, చిన్నాయన భార్య, మంజులతకు చిన్నమ్మ. ఆమె అప్పటికే పైపు కింద పెట్టిన బిందెను పక్కకు తీసేసింది. గొంతు టేపులో స్పష్టంగా ఉంది.

"మా మంజుల పంపిన మనుషులు. కాదనొద్దు. జరగుండ్రి."

వరస మొత్తం జరిగింది. పైపు కాలువలోకి తిరిగింది. అక్కడి నుంచి వినిపించిందంతా వరప్రసాద్ గొంతు. "ఇటు కొట్టండి... ఈ మూల మళ్ళీ ఎండిపోయింది, ఇంకోసారి కొట్టండి... ఏంటండీ ఇది, పోసింది పోసినట్టే పీల్చేస్తోంది, నిలవట్లేదు..." నీళ్ళు పగుళ్ళలోకి దిగుతున్నాయి, నేల నల్లబడుతోంది, చూస్తుండగానే తెల్లబడుతోంది. ట్యాంకర్ అడుగంటాక గానీ 'యాక్షన్' అన్న కేక వినపడలేదు.

మంజులత చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. తన పేరు చెప్పుకుని చిన్నమ్మ తాగే నీళ్ళు వదులుకుంది. ఆ నీళ్ళే ఇప్పుడు ఊరికి ఎదురు సాక్ష్యం చెప్పబోతున్నాయి.

"గిదంత ఎందుకు చూస్తున్నవ్ బిడ్డా?" అని అడిగాడు వెంకటనర్సయ్య. ఆమె విషయం చెప్పింది. కాలువ తడిగా కనిపిస్తే నీళ్ళు చేరినట్టేనని పైవాళ్ళు అంటారని, డిస్కు వాళ్ళ చేతిలోనే ఉందని. ఆయన మొహం పాలిపోయింది. తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఫోన్ చేయగానే క్రాంతికుమార్ ఆఫీసు క్యాబ్ పట్టుకుని వచ్చాడు. మెడలో తాడు, తాడుకు కార్డు. టేపు చూశాడు, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు, వెంటనే తీశాడు. సాఫ్ట్‌వేరు మనిషి కదా, దేనికైనా ఒక మరమ్మతు ఉంటుందని నమ్మకం.

"అక్కా, ఇది గంట పని. నేల రంగు జర తెల్లగ చేసెయ్యి. కంప్యూటర్ల ఎంత సేపు?"

"వాళ్ళ డిస్కుల నల్లగుంటది, మన తెర మీద తెల్లగుంటది. ఒక్కటే నేల రెండు రంగులు ఎట్లుంటది రా?"

"ప్రొజెక్టర్ తేడా అందాం."

"వాళ్ళు ఇంజనీర్లు, నీ లెక్కనే చదువుకున్నోళ్ళు. పిచ్చోళ్ళు కాదు."

"సరే, ఇయ్యాల్నే పోయి మళ్ళ తీద్దాం. తడపకుండ."

ఈసారి అడ్డుపడింది వెంకటనర్సయ్య. "మొన్న పెద్ద వాన పడ్డది క్రాంతీ. కాలువల గుంటలల్ల నీళ్ళు నిలిచినయి. మేకలు తాగుతున్నయి."

నీళ్ళ కోసం మొహం వాచిన ఊరిలో వాన పడిందని ముగ్గురూ దిగులుపడి కూర్చున్నారు. ఇంతకంటే విడ్డూరం ఏ సినిమాలో ఉంటుంది?

చివరికి మంజులత లేచింది. "ఎండిన కాలువను ఎండిందని చూపెట్టనీకి అబద్ధం ఎందుకు? ఈ టేపు మొత్తం వేస్తా. మేమే తడిపినం అని చెప్తా."

"అక్కా, నీకు దండం పెడ్త. తప్పు ఒప్పుకున్నమంటే మిగిలిందంత గూడ అబద్ధమే అంటరు. మన గొంతు మనమే కోసుకున్నట్టయితది."

"అనని. కోసుకునుడు అతికించుడు నా పనే గదా. చిన్నాయనా, నువ్వేమంటవ్?"

వెంకటనర్సయ్య తెర వైపు చూశాడు. అక్కడ నీలమ్మ ఖాళీ బిందెతో ఆగిపోయి ఉంది.

"వెయ్యి," అన్నాడు.

ఇంకో చిక్కు మిగిలింది. కోయని బొమ్మను రష్ అంటారు, అందులో 'యాక్షన్'కు ముందున్నది కెమెరామన్‌ది. దాన్ని అతని మాట లేకుండా బయటివాళ్ళకు చూపించరు. ఇది ఎక్కడా రాసిలేదు, కానీ ఫిల్మ్‌నగర్‌లో ఈ మాట తప్పినవాళ్ళకు మళ్ళీ పని దొరకదు. మంజులత ఆటో ఎక్కి జూబ్లీహిల్స్‌లో వరప్రసాద్ ఇంటికి వెళ్ళింది. గేటు ముందు ట్యాంకర్ ఆగి ఉంది. లావుపాటి పైపు లోపలి సంపులోకి వేసి ఉంది. వేసవి వచ్చిందంటే ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ ఇదే దృశ్యం. ఆమె పైపు దాటుకుని లోపలికి నడిచింది.

వరప్రసాద్ కోనసీమ మనిషి. నెమ్మదస్తుడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. విషయం విన్నాక మాత్రం గట్టిగానే అన్నాడు.

"రష్ బయటివాళ్ళకి చూపించడమేంటి మంజుల గారూ? నేను అరుచుకోవడం, ట్యాంకర్, ఇవన్నీనా? రేపు ఇండస్ట్రీలో నవ్విపోతారండీ."

"నవ్వితే నవ్వనివ్వండి సార్. మీరెందుకు తడిపారో ఒకసారి నాకు చెప్పండి."

"ఎందుకేంటండీ? ఎండిన నేల తెర మీద సున్నం కొట్టినట్టు తెల్లగా తేలిపోతుంది. తడిపితేనే పగుళ్ళు కనిపిస్తాయి. మీ ఊరి కష్టం బాగా కనపడాలనే కదా తడిపాను." గొంతు తగ్గించి అన్నాడు. "మా ఊళ్ళో కాలువ ఎండగా నేను చూడలేదండీ. తడి ఉంటే తప్పని నాకు తట్టనే లేదు."

"ఆ నీళ్ళు ఎక్కడివో తెలుసా?"

"ప్రొడక్షన్ వాళ్ళు తెచ్చారు. ఎక్కడైనా వాళ్ళేగా తెచ్చేది."

మంజులత వెంట తెచ్చిన ప్రతిని అతని టీవీలో పెట్టింది. వరస జరగడం అతను చూశాడు. నీలమ్మ మాట విన్నాడు. తర్వాత తన గొంతు తానే విన్నాడు. 'ఇంకోసారి కొట్టండి.' మొహం కందగడ్డలా అయిపోయింది.

"నేను వెనక్కి తిరిగి చూడలేదండీ," అన్నాడు. "లెన్సులోంచే చూస్తూ ఉన్నాను."

"మీ గొంతే మాకు సాక్ష్యం సార్. పోసింది పోసినట్టే పీల్చేస్తోంది అని మీరు అన్నారు. మా ఊరివాళ్ళు ఆ మాట ఎన్నిసార్లు అన్నా ఎవరూ నమ్మలేదు."

బయట ట్యాంకర్ వెళ్ళిపోయిన చప్పుడైంది.

"వేసుకోండి," అన్నాడు చివరికి. "నా మాటలు కూడా కోయకండి."

గురువారం అతిథి గృహం హాలులో పొడవాటి బల్లకు ఆ పక్క పొరుగు రాష్ట్రం ఇంజనీర్లు, ఈ పక్క మన ఇంజనీర్లు, తలవైపున అధ్యక్షుడు. పొరుగువాళ్ళ తరఫున మాట్లాడేది శివరుద్రప్ప. ఆనకట్ట మీదే జుట్టు నెరిసిన మనిషి, సరిహద్దువాడు కాబట్టి తెలుగు బాగానే వచ్చు. ఆయన ముందు డిస్కు ఉంది. డిస్కు మీద చేయి వేసుకుని ధీమాగా కూర్చున్న తీరు చూడగానే మంజులతకు అర్థమైపోయింది, ఆయన కూడా ఆ తడిని చూసేశాడు. తాము సినిమా వేశాక, ఆయన లేచి ఒక్క ప్రశ్న వేస్తే సరిపోతుంది.

ఆ అవకాశం ఆమె ఆయనకు ఇవ్వలేదు. మొదట తనే లేచింది.

"అయ్యా, మేము మీకిచ్చిన సినిమాలో కాలువ తడిగా ఉంది. ఆ తడి నది నీళ్ళది కాదు. మా వాళ్ళే షూటింగు కోసం తడిపారు. అది మా తప్పు. ఎలా తడిపారో మొత్తం టేపు ఉంది. ముందు అది చూడండి."

క్రాంతికుమార్ ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి అధ్యక్షుడికి చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడి చెవులు ఎర్రగా ఉన్నాయి. మన పక్క ఇంజనీర్లలో ఒకరు తల పట్టుకున్నారు. శివరుద్రప్ప చేయి డిస్కు మీద నుంచి తీశాడు.

టేపు తిరిగింది. ట్యాంకర్, బిందెలు, నీలమ్మ, జరిగిన వరస. వరప్రసాద్ గొంతు హాలంతా నిండింది. హాలు చివర గోడకు ఆనుకుని నిలబడ్డ వరప్రసాద్ తల దించుకునే ఉన్నాడు. నీళ్ళు పడుతున్నాయి, నేల మింగుతోంది. పడుతున్నాయి, మింగుతోంది. ఇంజనీర్లు కదా, నేల తాగే తీరు చూసి దాహం ఎన్నాళ్ళదో చెప్పగలరు. అధ్యక్షుడు కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగాడు. ట్యాంకర్ అడుగంటేదాకా అలాగే చూశాడు.

లైట్లు వేశాక శివరుద్రప్ప లేచాడు. అభ్యంతరం చెబుతాడని అందరూ ఎదురుచూశారు. ఆయన చూపు బల్ల చివర కూర్చున్న వెంకటనర్సయ్య మీద ఉంది.

"పెద్దాయనా, ఆ బిందెలవాళ్ళు ఆ రోజు ఏం తాగినారు?"

వెంకటనర్సయ్య లేచి నిలబడ్డాడు. ఇలాంటి ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. ఎకరాలు, వాటాలు, తూములు, అన్నీ వల్లెవేసుకుని వచ్చాడు, ఇది తప్ప.

"ఏదో తాగినం సార్. పక్కూరికి పోయి అడుక్కొచ్చుకున్నం." చెప్పడానికి సిగ్గుపడ్డాడు. "మా ఇంటామె ఆ రాత్రి నీళ్ళు లేవని అన్నం వండలే. పిల్లలకు అటుకులు పెట్టింది. చుట్టాలొచ్చినప్పుడు గట్లనే అయితది గదా సార్. మీ దిక్కు గూడ గంతే గదా."

శివరుద్రప్ప 'అవును' అన్నట్టు తల ఊపాడు. కూర్చున్నాడు. మళ్ళీ సగం లేచి అధ్యక్షుడితో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. క్రాంతికుమార్ మంజులత చెవిలో చెప్పాడు: "చివరి ఊళ్ళకు నీళ్ళు చేరుతున్నయన్న మాట వాపస్ తీసుకుంటుండంట అక్కా. మిగిలిన అభ్యంతరాలన్నీ ఉన్నయంట." ఆ చివరి మాటకు బల్ల చుట్టూ చాలామంది నవ్వారు, శివరుద్రప్ప కూడా నవ్వాడు. ఎంతైనా ఆయన తన రైతుల తరఫు మనిషి.

సాయంత్రానికి నిర్ణయం చదివారు. మల్లెదొడ్డి ఫిర్యాదు నిలుస్తుంది. వచ్చే పంటకాలం నుంచి సరిహద్దు తలుపులు రెండు రాష్ట్రాల మనుషులూ ఉండగానే ఎత్తాలి, దించాలి. దారిలో పగిలిన తూములు ఎవరివైనా సరే మూయాలి. ఆ చివరి ముక్కకు మన ఇంజనీర్లు కూడా నేల చూపులు చూశారు.

బయటికి వచ్చాక క్రాంతికుమార్ అందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. గేటు దగ్గర వరప్రసాద్ నిలబడి ఉన్నాడు. వెంకటనర్సయ్య రావడం చూసి రెండడుగులు ఎదురొచ్చాడు, చేతులు జోడించాడు.

"ఆ రోజు... నాకు తెలియదండీ. మీ ఆవిడ గారికి నేను..."

వెంకటనర్సయ్య ఆ జోడించిన చేతుల్ని పట్టుకుని కిందికి దించాడు. తలపాగా బిగించుకున్నాడు.

"నీళ్ళొచ్చినంక మళ్ళ ఒక్కసారి రండి సార్. గప్పుడు తియ్యుండ్రి మా కాలువ. తడిపే పని ఉండదు."